తుడిచేయకండి, రాసిపెట్టండి

రాత్రి పదిన్నరకు ఫోను మోగింది. బెళుగుప్ప నుంచి ఎమ్మెస్సీ చదవడానికి వెళ్లిన పిల్ల. వెళ్లి మూడు నెలలు కూడా కాలేదు. ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ అక్కర్లేదు. ఏడవడం లేదు, గొంతు వణకడం లేదు. దాంతో నాకు మరీ భయమేసింది.

"సార్, నా రూము తలుపు మీద రాసినారు. మా కులం పేరు పెట్టి, మార్కరుతో. తడిగుడ్డ తెచ్చుకున్నా. తుడిచేస్తే పోతాది గదా సార్?"

"తుడచద్దు తల్లీ. ముందు ఆ గుడ్డ పక్కన పెట్టు. పక్క రూములో ఎవరుండారు?"

"కడప అక్క ఒకామె ఉంది."

"ఆయమ్మను పిలుచు. నేను లైన్లోనే ఉంటా."

ఆ రాత్రి మేం చేసినవి రెండే పనులు. ఆ పిల్ల ఒంటరిగా లేకుండా చూశాం. జరిగింది జరిగినట్టు రాసిపెట్టాం. ఈ అధ్యాయం మొత్తం ఆ రెండు పనుల గురించే.

అవమానం జరిగిన వెంటనే దాన్ని ఎవరికంటా పడకుండా చేయాలనిపిస్తుంది. నేనూ అదే చేశాను. నలభై ఏళ్ల కిందట ఒక హాస్టల్లో నా ట్రంకు పెట్టె మీద సుద్దముక్కతో ఒక మాట రాశారు. చొక్కా చేతితో తుడిచేశాను. మర్నాడు మళ్లీ రాశారు, మళ్లీ తుడిచాను. వారం తర్వాత ధైర్యం చేసి వార్డెను దగ్గరికి వెళ్తే ఆయన పెట్టె చూసి, "ఏదీ, ఎక్కడ రాశారు?" అన్నాడు. పెట్టె శుభ్రంగా ఉంది. సాక్ష్యాన్ని తుడిచేసింది నేనే.

మా వైపు శెనక్కాయ రైతుకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. వాన ముఖం చాటేసి చేను ఎండిపోయిందని దారినపోయేవాడికి కూడా కనిపిస్తుంది. అయినా ఈ-క్రాప్‌లో ఎక్కని చేను సర్కారు లెక్కలో లేనట్టే. పరిహారం అడగబోతే మొదట అడిగేది నమోదు గురించే. అవమానానికీ అంతే. జరగడం వేరు, లెక్కకెక్కడం వేరు.

ముందు ఎంత లోతో చూసుకోండి

అన్నీ ఒకే గాటన కట్టకూడదు. క్యాంపస్‌లో ఎదురయ్యేవి మూడు రకాలు.

మొదటిది వెక్కిరింత. "ఏందిరా, యాడికి పోతాండావు?" అని మీ యాసను అనుకరిస్తూ నవ్వడం, కరువు సీమ వాళ్లని ఎగతాళి చేయడం. తెలియక అన్నవాడికి ఒక్కసారి ముఖం మీదే చెప్పండి: "ఆ మాట నాకు నచ్చలేదు, ఇంకోసారి అనద్దు." కేకలు అక్కర్లేదు. చాలాసార్లు అంతటితో ఆగుతుంది. చెప్పాక కూడా ఆపకపోతే అది తెలియక చేస్తున్నది కాదు.

రెండోది అవమానం. కులం, మతం, ఊరు, రంగు, ఆడపుట్టుక, అంగవైకల్యం, ఏదో ఒకటి పట్టుకుని మనిషిని తక్కువ చేయడం. గోడ మీద రాత, వాట్సాప్ గ్రూపులో బొమ్మ, మెస్సులో పక్క కుర్చీ ఖాళీ చేసి లేచిపోవడం, "రిజర్వేషన్ సీటు" అని క్లాసులో గొణగడం ఇందులోకి వస్తాయి. దీనికి కాగితం కావాలి.

మూడోది బెదిరింపు, దాడి. ఇక్కడ కాగితం తర్వాత. ముందు ఆ చోటు విడిచి, జనం ఉన్న చోటికి వెళ్లి, 112కు ఫోన్ చేయండి. నిలబడి వాదించడం ధైర్యం కాదు.

యాసతో పాటు వెక్కిరింపుకు గురయ్యే మన సీమ పేరు గురించి ఇంకొక్క మాట. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేశాడు. ఆనాటి నుంచి మనకు మిగిలిన పేరు దత్తమండలం. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని దాని అర్థం. అప్పట్లో అనంతపురం కాలేజీ పేరు కూడా దత్తమండల కళాశాలే. ఆ కాలేజీలో పాఠం చెప్పిన చిలుకూరి నారాయణరావు 1928 నవంబరులో నంద్యాల సభలో ఆ పేరు వద్దు, రాయలసీమ అందాం అన్నారు. సభ ఒప్పుకుంది. ఆయన ఎవరితోనూ కొట్లాడలేదు. నలుగురిని కూర్చోబెట్టి తీర్మానం చేయించారు. ఇతరులు అంటించిన పేరు అలా పోయింది. అక్కడ కూడా పని చేసినవి మనుషుల తోడూ, కాగితమూ.

తొలి గంట

ఒకరిని పిలవండి. స్నేహితురాలే కానక్కర్లేదు, పక్క రూములో ఉన్న మనిషి చాలు. తర్వాత సాక్షిగా నిలబడేది ఆమే.

ఫోటో తీయండి. దగ్గర నుంచి ఒకటి, రూము నంబరు కూడా కనిపించేలా దూరం నుంచి ఇంకొకటి. దగ్గర నుంచి తీసినదాంట్లో రాత కనిపిస్తుంది గాని, ఆ తలుపు మీదే రాశారని తేలదు.

ఫోన్లో వచ్చినదైతే మెసేజ్ తీసేయకండి, గ్రూపులోంచి బయటికి రాకండి. పంపినవాడి నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఇంకొకరికి కూడా పంపి ఉంచండి. అసలు మెసేజ్ ఉన్న ఫోన్‌ను జాగ్రత్త చేయండి. కేసు కోర్టు దాకా వెళ్తే స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, అది ఏ ఫోన్లోదో ధ్రువీకరించాల్సి వస్తుంది.

ఆ ఫోటోను వెంటనే స్టేటస్‌లో పెట్టకండి. కోపం న్యాయమైనదే. కాని అలా పెడితే ఆ తిట్టును మీరే వెయ్యిమందికి చేరవేసినట్టు, రాసినవాడిని ముందే జాగ్రత్తపడమని చెప్పినట్టు అవుతుంది. ఊహించి ఎవరి పేరైనా రాశారో, మీ మీదే ఎదురు ఫిర్యాదు వస్తుంది.

ఇక నిద్రపోయే ముందు ఒక పేజీ రాయండి. ఎంత చిన్న సంగతైనా ఆ రాత్రికి గుర్తుంటుంది, నాలుగో రోజుకు గుర్తుండదు.

కాగితం ఎట్లా రాయాలి

ఆ పిల్ల మొదట రాసిన ఫిర్యాదు ఇది: "నన్ను కులం పేరుతో చాలా అవమానించారు. నేను ఎంతో మానసిక క్షోభకు గురయ్యాను. దయచేసి న్యాయం చేయగలరు."

అబద్ధం ఒక్కటీ లేదు. కాని పట్టుకోవడానికి పిడి కూడా లేదు. చదివిన అధికారి "పాపం" అని ఫైల్లో పెట్టేస్తాడు. రెండోసారి ఇట్లా రాయించాను:

"నిన్న రాత్రి 8 గంటల 15 నిమిషాలకు నేను రూముకు తాళం వేసి మెస్సుకు వెళ్లాను. 9 గంటల 40 నిమిషాలకు తిరిగి వచ్చేసరికి తలుపు మీద నల్ల మార్కరుతో ఈ మాటలు రాసి ఉన్నాయి (మాటలు ఉన్నవి ఉన్నట్టు). ఆ సమయంలో కారిడారులో ఉన్నవారు ఇద్దరు, పేర్లు ఇవి. ఫోటోలు నాలుగు జతచేశాను. ఎవరు రాశారో నేను చూడలేదు. కారిడారు సీసీ కెమెరా రికార్డును 8 నుంచి 10 గంటల వరకు చెరిగిపోకుండా భద్రపరచవలసిందిగా కోరుతున్నాను."

రెండోదాంట్లో ఏడుపు లేదు, అయినా బలం ఉంది. తిట్టును చుక్కలు పెట్టి దాచకండి, అన్నమాట అన్నట్టే రాయండి. చూసింది చూశాననీ, చూడనిది చూడలేదనీ రాయండి. "ఎవరు రాశారో నేను చూడలేదు" అన్న వాక్యం మిగతా ఫిర్యాదునంతా నమ్మదగినదిగా చేస్తుంది. చివర ఒక పని అడగండి. "న్యాయం చేయండి" అంటే ఏం చేయాలో ఎవరికీ తోచదు. "కెమెరా రికార్డు దాచండి" అంటే చేయాలి, లేదా ఎందుకు చేయలేదో చెప్పాలి.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. తీసుకోనంటే ఈమెయిల్ చేయండి, స్పీడ్ పోస్టులో పంపండి. "కాగితం ఎందుకమ్మా, కూర్చోని మాట్లాడుకుందాం" అంటారు. మన రచ్చకట్ట అలవాటే అది. మాట్లాడటం తప్పు కాదు. "మాట్లాడదాం సార్, ముందు ఈ కాగితం మీద సంతకం పెట్టండి" అనండి.

ఏ తలుపు తట్టాలి

కాలేజీలో మొదటి తలుపు వివక్ష వ్యతిరేక అధికారి. 2012లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో ఈ అధికారి, సమాన అవకాశాల విభాగం ఉండాలి. కులం, మతం, భాష, స్త్రీపురుష భేదం, వైకల్యం వంటి కారణాలతో వివక్ష జరిగితే ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు అందిన 60 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. 2026 జనవరిలో యూజీసీ వీటి స్థానంలో కొత్త నిబంధనలు తెచ్చింది, సుప్రీంకోర్టు అదే నెలలో వాటిని నిలిపి 2012 నిబంధనలనే కొనసాగించమంది. మీరు ఫిర్యాదు చేసే రోజుకు ఏవి అమల్లో ఉన్నాయో ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

రెండోది ర్యాగింగ్ నిరోధక కమిటీ. ర్యాగింగ్ అంటే సీనియర్లు పాట పాడించడం ఒక్కటే అనుకుంటాం. 2016లో యూజీసీ ఆ అర్థాన్ని విస్తరించింది. కులం, మతం, రంగుతో పాటు ప్రాంతం, మాట్లాడే భాష, పుట్టిన ఊరు, ఆర్థిక స్థితి పట్టుకుని తోటి విద్యార్థిని శారీరకంగా గాని మానసికంగా గాని వేధించినా అది ర్యాగింగే. "బెళుగుప్ప నుంచి వచ్చిన కరువుగాడు" అని రోజూ పీడించడం కూడా ఇందులోకి వస్తుంది. హెల్ప్‌లైన్ 1800-180-5522. మన రాష్ట్రానికి 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ఎటూ ఉంది. ఫిర్యాదు అందాక పట్టించుకోని సంస్థ అధిపతి నేరానికి తోడ్పడినట్టే లెక్క అని ఆ చట్టం అంటుంది. ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి, మర్యాదగా గుర్తుచేయండి.

మూడోది పోలీసు స్టేషను. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. పదిమంది కంటబడే చోట కులం పేరుతో దూషించడం, కావాలని అవమానించడం నేరాలు. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట దీని కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అందుకే ఎక్కడ అన్నారు, ఎవరెవరు విన్నారు అన్నది కాగితంలో తప్పక ఉండాలి. ఈ చట్టం కింద ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి చేయాలి. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమనండి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. 14566 నంబరు ఈ కేసుల కోసమే పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం ఎవరి మీద జరిగినా భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద నేరం. ఆన్‌లైన్‌లో జరిగినదాన్ని సైబర్ క్రైమ్ పోర్టల్లో కూడా నమోదు చేయవచ్చు.

మూడు తలుపులూ ఒకేసారి తట్టాలని లేదు. కాలేజీలో ఫిర్యాదు ఇచ్చారు కాబట్టి పోలీసుల దగ్గరికి వెళ్లకూడదనీ లేదు.

కాగితం ఒక్కటే చాలదు

ఇంతదాకా చదివి, కాగితం ఉంటే చాలని ఎవరైనా అనుకుంటే వాళ్లు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సంగతి తెలుసుకోవాలి.

2015 ఆగస్టులో రెండు విద్యార్థి సంఘాల మధ్య గొడవ తర్వాత విచారణలు జరిగి, చివరికి ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి బయటికి పంపారు. పరిపాలనా భవనంలోకి రావద్దన్నారు. ఉమ్మడి చోట్ల గుంపుగా కనిపించవద్దన్నారు. క్లాసులకు, లైబ్రరీకి మాత్రం వెళ్లవచ్చు. 2016 జనవరి మొదట్లో వాళ్లు పరుపులు, పుస్తకాలు, అంబేడ్కర్ పటం మోసుకుని హాస్టలు విడిచారు. షాపింగ్ కాంప్లెక్సు దగ్గర గుడారం వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఆ పేరుకు తెలుగువాడికెవరికీ అర్థం చెప్పక్కర్లేదు. ఊరికి పక్కనే ఉంటూ ఊళ్లో లేకుండా ఉండటం.

ఆ ఐదుగురిలో గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల ఒకడు. అతను కాగితం రాయలేదా? రాశాడు. 2015 డిసెంబరులో వైస్ ఛాన్సలర్‌కు రాసిన లేఖలో నిరాశ దాపరికం లేకుండా కనిపిస్తుంది. నెల తిరిగేలోగా, 2016 జనవరి 17న, 26 ఏళ్ల వయసులో అతను ప్రాణం తీసుకున్నాడు. తనకు ఏడు నెలల ఫెలోషిప్, లక్షా 75 వేల రూపాయలు రావాల్సి ఉందనీ, అది ఇంట్లోవాళ్లకు చేరేలా చూడమనీ చివరి ఉత్తరంలో కోరాడు. ఆ కేసు మీద, అతని కులధ్రువీకరణ మీద ఏళ్ల తరబడి వివాదం నడిచింది. దాని తీర్పు ఈ అధ్యాయం పని కాదు. మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది. లేఖ వెళ్లింది, అందులో బాధ కనిపిస్తోంది, అయినా చదివి "రా నాయనా, కూర్చో" అనే మనిషి ఆ కుర్చీ నుంచి రాలేదు.

2019 మేలో ముంబైలో వైద్య విద్యార్థిని డాక్టర్ పాయల్ తడ్వీ కులవేధింపుల ఆరోపణల నడుమ మరణించింది. రోహిత్ తల్లి రాధిక, పాయల్ తల్లి అబేదా ఆ ఏడాదే కలిసి సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 2012 నిబంధనలు కాగితం మీదే ఉండిపోయాయన్నది వాళ్ల మొర. పిల్లలను పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు ఒకరికొకరు తోడై వేసిన పిటిషన్ అది.

కాబట్టి కాగితం ఇచ్చిన మర్నాడు, వారానికి, నెలకు "తిన్నావా? నిద్ర పడుతోందా? క్లాసుకు వెళ్లావా?" అని అడిగే మనిషి ఒకరుండాలి. తిండి తగ్గినా, రూములోంచి బయటికి రాకపోయినా, వస్తువులు పంచిపెడుతున్నా, "నేను లేకపోతే అందరికీ మేలు" వంటి మాట వచ్చినా ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. టెలిమానస్ 14416కు ఏ గంటలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

పక్కన ఉన్నవాళ్లకు

2017 ఫిబ్రవరి 22న అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రం ఒలేథాలోని ఒక బార్‌లో మన ఇంజినీర్లు కూచిభొట్ల శ్రీనివాస్, మాడసాని అలోక్ కూర్చుని ఉన్నారు. ఒకడు వచ్చి మా దేశం విడిచిపొమ్మని అరిచి, తర్వాత తుపాకీతో తిరిగివచ్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు, అలోక్ గాయపడ్డాడు. వాళ్లెవరో కూడా తెలియని 24 ఏళ్ల ఇయాన్ గ్రిలో ఆ హంతకుణ్ణి పట్టుకోబోయి తూటా తిన్నాడు, బతికాడు.

మన హాస్టళ్లలో తూటాకు ఎదురెళ్లాల్సిన పని లేదు. మన దగ్గర ధైర్యం ఖరీదు చాలా తక్కువ, అయినా అరుదుగా దొరుకుతుంది. తిట్టుతున్నవాడితో తలపడకుండా తిట్టు తిన్నవాడి పక్కకు వెళ్లి నిలబడండి. "రా, టీ తాగొద్దాం" అని పిలుచుకుపోండి. వీలైతే ఒక్క మాట అనండి: "అట్ల అనడం బాగలేదప్పా." ఏం చూశారో ఆ రాత్రే రాసి సంతకం పెట్టివ్వండి. ఫిర్యాదు ఇవ్వడానికి తోడు వెళ్లండి. మర్నాడు ఒకసారి ఫోన్ చేయండి. ఇందులో ఏ పనికీ పావుగంట మించి పట్టదు.

చేసినవాడు మీ స్నేహితుడో, మీ కులంవాడో, మీ ఊరివాడో అయితే కష్టం. "మనోడే లేప్పా, తెలీక అన్నాడు" అని సర్దేయాలనిపిస్తుంది. మీరు చెబితే వాడు వింటాడు, ఇంకెవరు చెప్పినా వినడు. అందుకే మీరే చెప్పాలి. ఆ తిట్టుకు మీరూ నవ్వి ఉంటే, ఒక ఎమోజీ పెట్టి ఉంటే, వెళ్లి "తప్పయింది" అనండి. వివరణలు వద్దు. బెంగళూరులో మన తెలుగును వెక్కిరిస్తే మండిపడే మనమే మణిపూర్ నుంచి, నాగాలాండ్ నుంచి వచ్చిన పిల్లల ముఖాలకు పేర్లు పెడుతుంటాం. ఆ గుడ్డి లెక్క కూడా మనమే సరిచేసుకోవాలి.

ఇంట్లోవాళ్లకు

మా వైపు జీడిపల్లి రిజర్వాయరుకు కృష్ణా నీళ్లు వచ్చినా, బోరు ఎండితే అప్పు చేసే ఇళ్లు మనవి. ఆ అప్పులోనే పిల్లల ఫీజూ ఉంటుంది. పిల్ల ఫోన్ చేస్తే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట "నువ్వేం చేసినావు?", రెండోది "ఎందుకొచ్చిన గొడవ, ఇంటికొచ్చేయ్." రెండూ భయంతో వచ్చేవే. మొదటిది నేరం పిల్ల మీదకు తోస్తుంది, రెండోది చదువు లాక్కుంటుంది. వాటి బదులు "నీ తప్పేం లేదు. రేపొద్దున బస్సుకు వస్తాండా" అనండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా, ఆఫీసు బయట బల్ల మీద ఊరికే కూర్చున్నా సరే. తండ్రి వచ్చాడంటే ఫైలు కదిలే వేగమే వేరు.

బెళుగుప్ప పిల్ల సంగతి చెప్పలేదు కదూ. ఆ కడప అక్క రాత్రే కారిడారంతా తిరిగి అందరినీ లేపింది. ఫిర్యాదు కింద తొమ్మిది సంతకాలు పడ్డాయి. వాళ్ల నాయన పొద్దుటి బస్సెక్కి వెళ్లాడు. ఎవరు రాశారో నాకు తెలిసినంతవరకు ఇంకా తేలలేదు, కెమెరాలో ముఖం సరిగా పడలేదట. కాని ఆ తలుపు మీద మళ్లీ ఎవరూ రాయలేదు. పిల్ల రెండో సెమిస్టరు ఫీజు కట్టింది.

ఈ వారం చేయాల్సినవి

ఒకటి: మీ కాలేజీలో వివక్ష వ్యతిరేక అధికారి, ర్యాగింగ్ నిరోధక కమిటీ బాధ్యులు ఎవరో కనుక్కుని నంబర్లు ఫోన్లో ఎక్కించుకోండి. ఎవరూ లేరంటే, ఎందుకు లేరని రాతపూర్వకంగా అడగండి.

రెండు: మీకు జరగకపోయినా, మీ కళ్లముందు జరిగిన ఒక సంఘటనను పైన చెప్పిన పద్ధతిలో అరపేజీలో రాసి చూడండి. చేయి అలవాటు పడాలి.

మూడు: అర్ధరాత్రి మీరు ఫోన్ చేస్తే ఎత్తే ముగ్గురి పేర్లు ఈ పేజీ అంచున రాయండి. మీరు ఎవరి ముగ్గురిలో ఉంటారో వాళ్లకు ఇవాళే చెప్పండి: "ఏదైనా అయితే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే." పుస్తకం మూసేముందే చెప్పండి.